బాల్కనీకి హరికేన్ తెర: బట్ట సరే, బిగింపు సంగతేంటి?

ప్రశ్న: మేం న్యూజెర్సీలో ఉంటాం. ఫోర్ట్ లాడర్‌డేల్ బీచ్‌లో, సముద్రానికి ఎదురుగా, పదకొండో అంతస్తులో ఒక కాండో (సొంత అపార్ట్‌మెంట్) కొన్నాం. 1970లలో కట్టిన బిల్డింగ్. చలికాలంలో మా అత్తయ్య, మామయ్య అక్కడ ఉంటారు. ఒక్కోసారి అక్టోబరులోనే వెళ్లిపోతారు. మిగతా నెలలు ఇంటికి తాళమే. బాల్కనీ 20 అడుగుల పొడవు, 6 అడుగుల లోతు, కింద స్లాబ్ నుంచి పై స్లాబ్‌కు దాదాపు 9 అడుగులు. లోపల ఉన్నవి పాతకాలపు స్లైడింగ్ డోర్లు, ఇంపాక్ట్ గ్లాస్ (తుఫాను దెబ్బ తట్టుకునే అద్దం) కాదు. వాటిని మార్చాలంటే చాలా ఖర్చు చెబుతున్నారు. ఒక డీలరు బాల్కనీ అంచుకు హరికేన్ ఫాబ్రిక్ తెర బిగిస్తానంటున్నాడు. పెద్ద చెక్క దుంగ వేగంగా వచ్చి తగిలినా ట్రాంపొలీన్‌లా వెనక్కి తోసేసే వీడియో చూపించాడు. మా వారికి నమ్మకం కుదిరింది, నాకు కుదరలేదు. గుడ్డ హరికేన్‌ను ఆపుతుందా? ఎక్కడ బిగించాలి? కాండో అసోసియేషన్ బోర్డు కాదంటే ఏం చేయాలి? తెర ఉంటే పెద్దవాళ్లు తుఫానులో అక్కడే ఉండొచ్చా?
- ఒక పాఠకురాలు, న్యూజెర్సీ

సమాధానం: గుడ్డ ఆపుతుంది. ఆ మాట వరకు మీ వారు చెప్పింది నిజమే. ఈ తెరలు గుడారం కాన్వాసుతో చేసినవి కావు. గట్టి పాలీప్రొపిలీన్ నేతతోనో, పీవీసీ పూత పూసిన పాలియెస్టర్‌తోనో చేస్తారు. ఆమోదం పొందిన తెరలో మీరు భయపడాల్సింది బట్ట గురించి కాదు. దాన్ని ఏ కాంక్రీటుకు కట్టారు, దాని వెనక ఎలాంటి తలుపు ఉంది, గాలి రాకముందే దాన్ని ఎవరు దించుతారు - మీ ఇంట్లో ఈ మూడూ సందేహంగానే ఉన్నాయి. డీలరు వీడియోలో మూడింట్లో ఒక్కటీ కనపడదు.

ముందు ఆ వీడియో సంగతి. అది లార్జ్ మిసైల్ పరీక్ష. 9 పౌండ్ల టూ-బై-ఫోర్ దుంగను (ఇళ్ల కట్టడంలో వాడే చెక్క) సెకనుకు 50 అడుగుల వేగంతో, అంటే గంటకు 34 మైళ్ల వేగంతో కొడతారు. ఫ్లోరిడా బిల్డింగ్ కోడ్ ఆ పరీక్షను అడిగేది నేల నుంచి 30 అడుగుల లోపు ఉన్న కిటికీలకూ తలుపులకూ. అంతకంటే పైన ఉంటే స్మాల్ మిసైల్: 2 గ్రాముల చొప్పున పది ఉక్కు గోలీలు, సెకనుకు 130 అడుగుల వేగం. పై అంతస్తులకు వచ్చి తగిలేవి దుంగల కన్నా పక్క భవనాల కప్పు మీది కంకర రాళ్లు కాబట్టి ఆ లెక్క. 1983లో అలీషియా హరికేన్ హ్యూస్టన్ డౌన్‌టౌన్ టవర్ల అద్దాలను అలాగే పగలగొట్టింది. మీ ఊళ్లోనే 2005 అక్టోబరు 24న విల్మా వచ్చినప్పుడు ఎత్తైన భవనాల అద్దాలు వీధుల్లో పడ్డాయి. పెద్ద దెబ్బకు తట్టుకునే తెర చిన్న దెబ్బకూ తట్టుకుంటుంది కాబట్టి వీడియోతో నష్టమేమీ లేదు. కానీ పదకొండో అంతస్తులో అసలు పరీక్ష గాలి ఒత్తిడిది, దాని గురించి అతను నోరు మెదపలేదు.

ఒత్తిడి గాలి వేగంతో పాటు సమానంగా పెరగదు. గంటకు మైళ్లలో ఉన్న వేగాన్ని దానితో దాన్నే గుణించి, మళ్లీ 0.00256తో గుణిస్తే చదరపు అడుగుకు ఎన్ని పౌండ్ల ఒత్తిడో స్థూలంగా వస్తుంది. 100 మైళ్ల గాలికి 25.6 పౌండ్లు, 150 మైళ్లకు 57.6. వేగం ఒకటిన్నర రెట్లయితే ఒత్తిడి రెండుంబావు రెట్లయిందన్నమాట. మీ ఊరున్న బ్రౌవర్డ్ కౌంటీలో మామూలు నివాస భవనాలకు కోడ్ తీసుకునే డిజైన్ వేగం 170 మైళ్లు. ఎత్తు, సముద్రం వైపు అడ్డు లేకపోవడం, కోడ్ ఇచ్చే తగ్గింపులు అన్నీ కలిపి లెక్క కడితే మీ అంతస్తులో గోడ మధ్యభాగానికి చదరపు అడుగుకు 60 పౌండ్ల దరిదాపుల్లో తేలుతుంది. భవనం మూలల దగ్గర గాలి పీల్చే బలం చాలా ఎక్కువ, అక్కడ అంకె నూరు దాకా పోవచ్చు. మీ ఇల్లు మూలదో మధ్యదో మీరు రాయలేదు. కొటేషన్‌లో డిజైన్ ప్రెషర్ (తెర ఎంత ఒత్తిడికి తగినదో చెప్పే) అంకె లేకపోతే, లేదా ప్లస్ (లోపలికి తోపుడు), మైనస్ (బయటికి పీల్పు) రెండూ విడివిడిగా రాయకపోతే, ఆ కాగితాన్ని లెక్కలోకి తీసుకోకండి.

ఇప్పుడు మీ బాల్కనీకి ఆ అంకెను అన్వయిద్దాం. 20 అడుగులు, 9 అడుగులు: 180 చదరపు అడుగులు. 60 పౌండ్ల చొప్పున 10,800 పౌండ్లు, సుమారు 4,900 కిలోల తోపుడు. సగం పై స్లాబ్‌కు, సగం కింది స్లాబ్‌కు పోతుంది. అంటే అడుగు పొడవుకు 270 పౌండ్లు. కథ ఇక్కడితో అయిపోతే బాగానే ఉండేది. కానీ బట్ట పలకలా నిలబడి గాలిని మోయదు, ఉబ్బి మోస్తుంది. ఉబ్బిన బట్ట తన అంచులను లోపలికి లాగుతుంది, ఆ లాగుడు కూడా యాంకర్లే (తెరను పట్టి ఉంచడానికి కాంక్రీటులో దించే బోల్టులే) భరించాలి. తెర మధ్యలో ఒకటిన్నర అడుగు ఉబ్బితే యాంకర్ల వరుస మీద అడుగుకు మొత్తం 490 పౌండ్ల దాకా పడుతుంది. ఒక్క అడుగే ఉబ్బితే 665. బాగా బిగించి అర అడుగు మాత్రమే ఉబ్బనిస్తే 1,245. తెరను ఎంత లాగి కడితే అంత గట్టి అనుకోవడం ఈ పనిలో జరిగే మొదటి తప్పు. బకిళ్లు పట్టుకుని బలమంతా పెట్టి లాగే బిగింపువాడు నిజానికి యాంకర్లను స్లాబ్ నుంచి పీకడానికి సాయం చేస్తున్నాడు. అలాగని వదులుగా వేలాడదీసినా కుదరదు. గాలికి టపటపా కొట్టుకుంటూ కాంక్రీటు అంచుకు రాసుకుని కుట్లు తెగుతాయి. తెరకు వచ్చిన ప్రభుత్వ ఆమోదపు కాగితంలోని డ్రాయింగులో ఎంత ఉబ్బు చూపారో అంతే ఉంచాలి. ఈ అంకెలు మీకు అవగాహన కోసం వేసినవి. ఖాయమైన లెక్క ఇంజనీరు చేయాలి.

పై లెక్క చూశాక రెయిలింగుకు కట్టడం ఎందుకు కుదరదో వేరే చెప్పక్కర్లేదు. బాల్కనీ రెయిలింగును అడుగుకు 50 పౌండ్లు, లేదా ఒకచోట 200 పౌండ్ల తోపుడు తట్టుకునేలా డిజైన్ చేస్తారు. మనిషి ఆనుకోవడానికి చాలు. డీలరు "కింది పట్టీలు రెయిలింగు పోస్టులకు వేస్తే టైల్సు పాడవ్వవు" అన్నాడంటే అక్కడికక్కడే నమస్కారం పెట్టి పంపించేయండి.

ఇక టైల్సు. పాత కాండోల్లో ఎక్కువ చిక్కు వచ్చేది ఇక్కడే. యాంకరు కాంక్రీటులో ఎంత లోతు దిగాలో ఆమోదపు కాగితంలో ఉంటుంది. టైలు, దాని కింద పరిచిన సిమెంటు, పై స్లాబ్‌కు పూసిన స్టకో (సిమెంటు పూత) ఇవేవీ కాంక్రీటు కిందకు రావు. ఉదాహరణకు యాంకరు పొడవు రెండున్నర అంగుళాలు, కావలసిన లోతు ఒకటి ముప్పావు అంగుళం అనుకుందాం. టైలూ దాని కింది పొరా కలిసి ఒకటింబావు అంగుళం ఉంటే లోపలికి దిగేది ఒకటింబావే, అర అంగుళం తక్కువ. పైకి చూస్తే ఏమీ తెలీదు, చేత్తో లాగినా రాదు. గాలి వచ్చినప్పుడు టైలుతో సహా ఊడుతుంది. అందుకని బిగించే వరుస పొడవునా టైలు కోసి తీయాలి, లేదా ఆ మందం కలిపి పొడవాటి యాంకర్లు వాడేలా ఇంజనీరు డ్రాయింగులో రాయాలి. స్లాబ్ అంచు నుంచి యాంకరుకు ఉండాల్సిన కనీస దూరం కూడా అదే కాగితంలో ఉంటుంది. అంచుకు మరీ దగ్గరగా వేస్తే ముక్క ఊడి పడుతుంది, అదీ పదకొండు అంతస్తుల కిందికి.

స్లాబ్ పోస్ట్ టెన్షన్ పద్ధతిలో వేసిందో కాదో డ్రిల్లు పెట్టకముందే తేల్చుకోవాలి. ఆ పద్ధతిలో కాంక్రీటు లోపల ఉక్కు తీగలను బాగా లాగి వదలకుండా పట్టి ఉంచుతారు. అర అంగుళం తీగ ఒక్కోటి పాతిక వేల పౌండ్లకు పైగా లాగుడులో ఉంటుంది. డ్రిల్లు దానికి తగిలి తీగ తెగితే స్లాబ్ బలం తగ్గుతుంది. తీగ కాంక్రీటు చీల్చుకుని బయటికి వచ్చి మనిషికి తగిలే ప్రమాదమూ ఉంది. మామూలు ఊచల స్లాబ్ అయినా ఊచను కోయకూడదు. కాబట్టి కాంక్రీటు లోపల ఏముందో చూపే గ్రౌండ్ పెనెట్రేటింగ్ రాడార్ స్కాన్ చేయించి, తీగల దారిని నేల మీదా పై స్లాబ్ మీదా సుద్దతో గీయించుకుని, ఫొటోలు తీసుకున్నాకే రంధ్రాలు. అడుగుకొకటి చొప్పున మీ 20 అడుగులకు పైన 21, కింద 21, మొత్తం 42 రంధ్రాలు. ప్రతి రంధ్రం ఉప్పు నీటికి కొత్త దారి. జింకు పూత ఇనుము వాడితే ఉప్పు గాలికి తుప్పుపట్టి ఉబ్బి కాంక్రీటును పగలగొడుతుంది. 316 గ్రేడు స్టెయిన్‌లెస్ స్టీలు అని కాంట్రాక్టులో రాయించండి. రంధ్రాల చుట్టూ సీలెంటు, వాడనప్పుడు మరలకు మూతలు కూడా అందులోనే రాయించండి. బాల్కనీకి వాటర్‌ప్రూఫింగ్ పొర ఉంటే దాని వారెంటీ మీద ప్రభావం ఏమిటో అసోసియేషన్‌ను అడగండి.

ఎక్కడ బిగించాలన్న మీ ప్రశ్నకు వద్దాం. తలుపు చట్రానికే అంటించినట్టు కట్టొచ్చు కదా, విస్తీర్ణం తగ్గుతుంది కదా అనిపిస్తుంది. కానీ అక్కడ అద్దానికీ బట్టకూ మధ్య నాలుగైదు అంగుళాలే ఉంటుంది, తెర ఉబ్బేది అడుగుకు పైన. మీ కౌంటీ హై వెలాసిటీ హరికేన్ జోన్‌లో (కోడ్ గాలి నియమాలు మరింత కఠినంగా ఉండే ప్రాంతం) ఉంది, అక్కడ తెర గరిష్ఠంగా ఉబ్బినప్పుడు కూడా దానికీ అద్దానికీ మధ్య కనీసం ఒక అంగుళం మిగలాలి. అందుకే తెరకు బాల్కనీయే తగిన చోటు. అయితే స్లాబ్ చివరి అంచున కాదు. అంచు నుంచి ఒకటిన్నర, రెండు అడుగులు లోపలికి, రెయిలింగుకు వెనకగా వరుస పెట్టించండి. మూడు కారణాలు. అంచు కాంక్రీటు అన్నిటికన్నా ముందు చెడుతుంది. బిగించే మనిషి రెయిలింగు మీద వంగాల్సిన పని ఉండదు. మూడోది చాలామంది మరిచిపోయేది: తెర లోపలికే కాదు, గాలి పీల్చినప్పుడు బయటికీ ఉబ్బుతుంది, అప్పుడు రెయిలింగుకు రాసుకోకూడదు. 6 అడుగుల లోతులో రెండు అడుగులు వదిలినా లోపల నాలుగు అడుగులుంటుంది, ఒకటిన్నర అడుగు ఉబ్బుకు సరిపోతుంది. ఆ నాలుగు అడుగుల్లో కుర్చీలు, పూలకుండీలు ఉంచకూడదని వేరే చెప్పాలా!

రెండు పక్కల అంచులనూ వదిలేయకండి. పక్కింటి వాళ్ల బాల్కనీకీ మీకూ మధ్య గోడ ఉంటే తెర అంచు దానికి ఆనుకుని మూసుకోవాలి. గోడ బదులు రెయిలింగే ఉంటే ఆ వైపు మరో తెర కావాలి. లేకపోతే గాలి పక్కనుంచి దూరి తెరను లోపలి నుంచి బయటికి తన్నుతుంది. మూల ఇల్లయితే రెండు తెరలు కలిసే చోట యాంకర్లు రెండు దిక్కులా లాగుడు మోయాలి. రెడీమేడ్ పట్టికలు అక్కడ చాలవు, ఇంజనీరు ముద్ర వేసిన డ్రాయింగు తప్పదు.

తెర వెనక తలుపు గురించి డీలర్లు మాట్లాడరు. ఈ నేతల్లో చాలావాటికి సన్నని రంధ్రాలుంటాయి, గాలిలో కొంత భాగం లోపలికి వస్తుంది. తెర దెబ్బను ఆపుతుంది, గాలి జోరును బాగా తగ్గిస్తుంది, కానీ ఒత్తిడి మొత్తాన్ని తలుపు మీద పడకుండా చేస్తుందని అనుకోలేం. యాభై ఏళ్ల నాటి స్లైడింగ్ డోరులో చక్రాలు అరిగి, పలక కింది పట్టాలో వదులుగా ఆడుతుంటే గాలి పీల్చినప్పుడు అది పట్టా దాటి బయటికి వస్తుంది. తలుపు మూసి, పలకను రెండు చేతులా పట్టుకుని పైకి లేపి చూడండి. పావు అంగుళం మించి లేస్తే ముందు దాని పని చూడాలి: కొత్త రోలర్లు, పైన లేవకుండా ఆపే దిమ్మలు, రెండు పలకలు కలిసేచోట ఒకదాన్నొకటి పట్టుకునే కొక్కేలు. నీళ్లు మాత్రం ఎలాగూ వస్తాయి. కొత్త ఇంపాక్ట్ డోర్లకు కూడా నీటి పరీక్ష వాటి డిజైన్ ప్రెషర్‌లో సాధారణంగా 15 శాతం దగ్గరే చేస్తారు. హరికేన్‌లో అంతకు ఎన్నో రెట్ల ఒత్తిడి వస్తుంది. కింది పట్టాలో నీరు బయటికి పోయే చిల్లులు శుభ్రం చేయండి, బాల్కనీ డ్రైను కప్పకుండా తెర కింది అంచు ఉందో లేదో చూసుకోండి, తలుపు దగ్గర కార్పెట్టు చుట్టేయండి.

బోర్డు విషయం. ఫ్లోరిడా కాండోమినియం చట్టంలో 718.113 సెక్షన్ ప్రకారం ప్రతి బోర్డూ తన భవనానికి హరికేన్ రక్షణ స్పెసిఫికేషన్లు ఆమోదించి ఉంచాలి. రంగు, తీరు వాళ్లు నిర్ణయించవచ్చు, కానీ అవి బిల్డింగ్ కోడ్‌కు లోబడాలి. ఆ స్పెసిఫికేషన్లకు సరిపోయే రక్షణ మీరు పెట్టుకుంటామంటే కాదనే హక్కు బోర్డుకు లేదు. స్పెసిఫికేషన్లలో ఫాబ్రిక్ తెర లేకపోతే మాత్రం ఆ హక్కు మీకు దక్కదు, ముందు దాన్ని చేర్చమని లిఖితపూర్వకంగా అడగాలి. వాదనకు దిగకుండా వాళ్లకు కావలసింది ఇచ్చేయండి: వీధిలోంచి చూస్తే ఎలా ఉంటుందో ఒక ఫొటో, బట్ట రంగు నమూనా, ఇంజనీరు డ్రాయింగు, స్కాన్ చేయిస్తామన్న హామీ. ఎప్పుడు దించాలి, తుఫాను పోయాక ఎన్ని రోజుల్లో ఎత్తాలి అన్న నియమాన్ని మీరే రాసి ఇస్తే సగం పని అయినట్టే.

బోర్డును మరో సంగతి కూడా అడగాలి, నిజానికి అదే ముందు అడగాలి. 2021 జూన్ 24న మయామీ దగ్గరి సర్ఫ్‌సైడ్‌లో చాంప్లెయిన్ టవర్స్ సౌత్ అనే కాండో భవనం కూలి 98 మంది చనిపోయాక, 2022లో ఫ్లోరిడా పాత కాండోలకు మైల్‌స్టోన్ తనిఖీలు (భవనం బలం పరీక్ష), స్ట్రక్చరల్ ఇంటెగ్రిటీ రిజర్వ్ స్టడీ (పెద్ద మరమ్మతులకు ఎంత నిధి కావాలన్న అంచనా) తప్పనిసరి చేసింది. మీ బిల్డింగ్ వయసుకు బాల్కనీ కాంక్రీటు మరమ్మతు పని వచ్చిపడే అవకాశం ఎక్కువ. అది మొదలైతే మీ 42 యాంకర్లూ తీసేస్తారు. 2024లో సవరించిన చట్టం ప్రకారం అసోసియేషన్ చేయాల్సిన మరమ్మతు కోసం మీ రక్షణను విప్పాల్సి వస్తే ఆ విప్పి బిగించే ఖర్చు మీ నెత్తిన పడకూడదు. కానీ కొత్త రంధ్రాలు, కొత్త స్కాన్, కొత్త తగాదా ఎవరికి కావాలి? తనిఖీ రిపోర్టు కాపీ తెప్పించుకోండి. రెండు మూడేళ్లలో బాల్కనీ పని ఉందంటే తెరను అప్పటిదాకా వాయిదా వేయండి. అసోసియేషన్ అందరి తలుపులూ ఒకేసారి మార్చే ఆలోచనలో ఉందేమో కూడా కనుక్కోండి. 2024లో మొదలైన మై సేఫ్ ఫ్లోరిడా కాండోమినియం పైలట్ పథకం నుంచి సాయం అడగాలన్నా అసోసియేషనే దరఖాస్తు చేయాలి, విడిగా మీకు రాదు.

కాగితాల్లో చూడాల్సింది మయామీ-డేడ్ కౌంటీ వాళ్ల నోటీస్ ఆఫ్ యాక్సెప్టెన్స్ (సరుకు ఆమోద పత్రం), లేదా హై వెలాసిటీ హరికేన్ జోన్‌లో వాడవచ్చని స్పష్టంగా ఉన్న ఫ్లోరిడా ప్రొడక్ట్ అప్రూవల్. 1992లో ఆండ్రూ హరికేన్ దక్షిణ ఫ్లోరిడాను ఊడ్చేశాక ఈ జోన్‌కు ప్రత్యేక పరీక్షలు వచ్చాయి: దెబ్బకు టీఏఎస్ 201, నిలకడ ఒత్తిడికి 202, రెండు వైపులా కలిపి 1,342 సార్లు ఒత్తిడి పెట్టి తీసే 203. "టెస్టెడ్ ఫాబ్రిక్" అన్న ముద్ర సరిపోదు. ఆమోదం బట్ట, కుట్టు, పట్టీ, యాంకరు అన్నీ కలిసిన మొత్తానికి ఇస్తారు. ఒక కంపెనీ బట్టకు మరో కంపెనీ యాంకర్లు కలిపితే ఆ కాగితం చెల్లదు. గడువు తేదీ, గరిష్ఠ ఎత్తు, ఆ ఎత్తుకు అనుమతించిన ఒత్తిడి, అద్దం నుంచి ఉంచాల్సిన దూరం - ఈ పట్టిక చూడటానికి మీకు పది నిమిషాలు పట్టదు. మోటారు తెరల విషయంలో మరింత జాగ్రత్త. దోమలకూ ఎండకూ అమ్మే తెరలకే హరికేన్ పేరు తగిలించి అమ్మేవాళ్లున్నారు. కాంట్రాక్టరు పది శాతానికి మించి అడ్వాన్సు తీసుకుంటే ముప్పై రోజుల్లో పర్మిట్‌కు దరఖాస్తు చేయాలని ఫ్లోరిడా చట్టం చెబుతోంది. పర్మిట్ అక్కర్లేదన్నవాడితో పని పెట్టుకోకండి.

ఇక దించే మనిషి. మీ విషయంలో అసలు తీర్పు ఇక్కడే. నేషనల్ హరికేన్ సెంటర్ గంటకు 39 మైళ్ల గాలి మొదలవుతుందనుకున్న సమయానికి 48 గంటల ముందు వాచ్ (హరికేన్ రావచ్చన్న సూచన), 36 గంటల ముందు వార్నింగ్ (వస్తుందన్న హెచ్చరిక) ఇస్తుంది. తెర పని వాచ్ దశలోనే అయిపోవాలి. గాలి లేచాక 180 చదరపు అడుగుల బట్టను పట్టుకుని బాల్కనీలో నిలబడితే అది మనిషిని ఈడ్చేస్తుంది. ఆ 48 గంటల్లో నెవార్క్ నుంచి విమానం దొరికి మీరు దిగుతారన్న ఆశ మీద ఇంటి రక్షణ ఆధారపడకూడదు. పెద్దవాళ్లిద్దరినీ 9 అడుగుల పై స్లాబ్ దగ్గర రెయిలింగు పక్కన నిచ్చెన ఎక్కించే ఏర్పాటు అసలు ఒప్పుకోకండి. మీకు తగింది పై అంచు శాశ్వతంగా పెట్టెలో ఉండి, కిందికి లాగి కింది వరుస మాత్రమే బిగించే రకం. మోటారుదైతే కరెంటు పోయినా తిప్పే చేతి హ్యాండిల్ ఉండాలి. సీజన్ జూన్ 1 నుంచి నవంబరు 30 దాకా. ఏటా మే నెలలో ఒకసారి దించి, బిగించి, ఎత్తి చూడాలి. ఆ పని చేసే స్థానిక మనిషితో లిఖితపూర్వక ఒప్పందం ఉండాలి, ఆ మనిషికి తాళం, లిఫ్టు ఆగిపోయినా పైకి వెళ్లే అనుమతి ఉండాలి. కింది వరుస వింగ్‌నట్లు ఓ ఐదారు అదనంగా కొని, మరలకు కాస్త మెరైన్ గ్రీజు రాసి, డబ్బా మీద ఇంటి నంబరు రాసి పెట్టండి. సీజనంతా దించే ఉంచుదామనుకోవద్దు, ఎండకు బట్ట బలం తగ్గుతుంది, బోర్డూ ఊరుకోదు. ఎత్తేముందు మంచినీళ్లతో ఉప్పు కడిగి, పూర్తిగా ఆరనిచ్చి చుట్టాలి. తడి బట్టను పెట్టెలో పెడితే బూజు పడుతుంది.

అలాంటి నమ్మకమైన మనిషి దొరకకపోతే మా సలహా సూటిగా ఇది: తెర వద్దు, డబ్బు కూడబెట్టి ఇంపాక్ట్ డోర్లే వేయించండి. ఎవరూ ఏమీ చేయకుండా పనిచేసే రక్షణ అదొక్కటే, తాళం వేసి ఉండే ఇంటికి అదే న్యాయం. మనిషి దొరికితే, తనిఖీ రిపోర్టులో బాల్కనీ కాంక్రీటు బాగుందని ఉంటే, తెర ఖర్చుకు తగిన రక్షణే.

చివరగా పెద్దవాళ్ల సంగతి. అక్టోబరులో వాళ్లు అక్కడుంటే సీజన్ లోపలే ఉన్నట్టు. విల్మా వచ్చింది ఆ నెలలోనే. తెర ఉన్నా లేకపోయినా ఇల్లు ఖాళీ చేయమని ఎవాక్యుయేషన్ ఆదేశం వస్తే దిగాల్సిందే. ఆ ఆదేశం నీటి ఉప్పెన గురించి. మీ ఇల్లు పైన ఉన్నా కరెంటు గది, నీళ్ల పంపులు, లిఫ్టు యంత్రాలు కిందనే ఉంటాయి. బీచ్ వైపు ద్వీపపట్టీని మెయిన్‌ల్యాండ్‌తో కలిపే వంతెనలు గాలి పెరిగాక దాటలేరు. ఎత్తు కూడా లాభం కాదు: ముప్పై అంతస్తుల భవనం పైభాగంలో గాలి నేల దగ్గరి కన్నా సగటున ఒక కేటగిరీ (హరికేన్ తీవ్రత మెట్టు) ఎక్కువ ఉంటుందని నేషనల్ హరికేన్ సెంటరే చెబుతుంది. వయసు మీద పడ్డ మీ మామగారు కరెంటు లేని రోజుల్లో పదకొండు అంతస్తులు మెట్లు దిగి ఎక్కడం కుదిరే పనేనా? వాచ్ ప్రకటించిన రోజే వాళ్లను లోపలి ఊళ్లో తెలిసినవాళ్ల ఇంటికో హోటల్‌కో పంపండి. మందులు, ఇన్సూరెన్సు కాగితాలు ముందే ఒక సంచిలో ఉండాలి. అనుకోకుండా ఇరుక్కుంటే, తెర కొట్టుకుంటోందనో బకిల్ ఊడిందనో తలుపు తెరిచి బాల్కనీలోకి మాత్రం వెళ్లకూడదు. లోపలి గదుల తలుపులు మూసుకుని, అద్దాల్లేని నడవాలో ఉండాలి.

ఇదే ప్రశ్న విశాఖ బీచ్ రోడ్డు అపార్ట్‌మెంట్ల నుంచీ వస్తుంది కాబట్టి ఒక మాట. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ అక్కడ ఎన్నో అద్దాలు పగలగొట్టింది. భవనాల మీద గాలి బరువుకు మన దేశపు ప్రమాణమైన ఐఎస్ 875 విశాఖకు తీసుకునే మూల వేగం సెకనుకు 50 మీటర్లు, అంటే గంటకు 180 కిలోమీటర్లు. ఫ్లోరిడా తెర తెప్పించుకున్నా స్లాబ్‌లో యాంకరు లెక్క అక్కడి ఇంజనీరే కొత్తగా వేయాలి, ఇక్కడి పట్టిక అక్కడి కాంక్రీటుకు అతకదు.

మీరు ఈ వారం చేయాల్సింది డీలరుకు ఫోన్ కాదు, బిల్డింగ్ మేనేజరుకు ఈమెయిల్. హరికేన్ రక్షణ స్పెసిఫికేషన్లు, తాజా మైల్‌స్టోన్ తనిఖీ రిపోర్టు, బాల్కనీ స్లాబ్ స్ట్రక్చరల్ డ్రాయింగులు - ఈ మూడింటి కాపీలు అడగండి. యూనిట్ యజమానిగా అసోసియేషన్ రికార్డులు చూసే హక్కు మీకుంది. డ్రాయింగులో పోస్ట్ టెన్షన్ అని కనిపిస్తే స్కాన్ ఖర్చు కొటేషన్‌లో విడిగా చూపించమని డీలరును అడగండి. స్కాన్ లేకుండానే చేసేస్తామని జవాబు వస్తే మరో డీలరును వెతుక్కోండి.